"మీకేం లేదు" అని పంపించే డాక్టర్లకు

డాక్టరు గార్లకు నమస్కారం.

ఈ ఉత్తరం సైకియాట్రిస్టులకి కాదు. వాళ్ళ గదిలోకి అడుగుపెట్టినవాళ్ళు ఎలాగో ఒక ఒడ్డుకి చేరినట్టే. నేను రాస్తున్నది జ్వరానికీ, కీళ్ళనొప్పులకీ, ఒంట్లో నలతకీ మేం మొట్టమొదట వచ్చి కూర్చునే మీకు. మనసు బాగోలేనివాళ్ళు కూడా చాలామంది ముందు మీ దగ్గరికే వస్తారు. కాకపోతే మనసు బాగోలేదని చెప్పరు. గుండెదడ అంటారు, తల దిమ్ముగా ఉందంటారు, తిన్నది అరగడం లేదంటారు, నిద్ర పట్టడం లేదంటారు. నేనూ అలాగే వచ్చాను. మీలో ముగ్గురు నన్ను చూశారు. ముగ్గురూ ఇంచుమించు ఒకే మాట చెప్పి పంపించారు. ఆ మాట నుంచి బయటపడడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

పేర్లు రాయను. రాయాలనిపించిన రోజులున్నాయి, అప్పుడు రాసినవి చించేశాను. ఇప్పుడు కోపం చాలావరకు పోయింది. అందుకే ఎవరైనా కూర్చుని చదవగలిగేలా రాయగలననుకుంటున్నాను.

మొదటిసారి రాత్రి పదకొండు దాటాక వచ్చింది. పిల్లాడి స్కూలు చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలర్ దగ్గర ఉండగా గుండె ఒక్కసారి జారినట్టయింది. వెంటనే ఎవరో తరుముతున్నట్టు కొట్టుకోవడం మొదలెట్టింది. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. నోరు పిడచకట్టుకుపోయింది. ఊపిరి లోపలికి పోతోంది కానీ చాలడం లేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్ ఆపి, నేలమీద కూలబడ్డాను. చచ్చిపోతున్నానని తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసిపోయింది. అయ్యో, చొక్కా సగమే అయిందే అని కూడా అనిపించింది, ఎందుకో.

మావారు ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి తగ్గుముఖం పట్టింది. ఈసీజీ తీశారు. డ్యూటీలో ఉన్న డాక్టరు ఆ కాగితాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, "మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. తర్వాత నన్ను వదిలేసి మావారి వైపు తిరిగి, "ఆవిడ కొంచెం సెన్సిటివ్‌లా ఉన్నారు, చూసుకోండి" అన్నారు. నేను మంచం మీదే ఉన్నాను. చెప్పులు ఎక్కడున్నాయా అని కాళ్ళతో వెతుక్కుంటున్నాను.

మీ వైపు నుంచి చూస్తే అది శుభవార్తే. బయట ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్ళలో ఒకరికి నిజంగానే గుండెపోటు కావచ్చు. "ఏం లేదు" అంటే "గుండెకి ఏం కాలేదు" అని మీ ఉద్దేశం. నాకు వినిపించింది అది కాదు. నాకు చావు కళ్ళముందు కనిపించింది, మీరేమో ఏం లేదన్నారు. అంటే నేను నటిస్తున్నానా? లేకపోతే నాకు పిచ్చెక్కుతోందా? ఆ రాత్రి నాకు ఈ రెండు తప్ప మూడో సంగతి తోచలేదు.

ఇంకో విషయం. మీ మాట మీ గదిలో ఆగిపోదు. మాతోపాటే మా ఇంటికి వస్తుంది, మాకంటే గట్టిగా మాట్లాడుతుంది. మర్నాటి నుంచి "డాక్టరే ఏం లేదన్నాడు కదా" అన్నది మా ఇంట్లో ఊతపదం అయిపోయింది. మావారు మంచివారే. నాకు ధైర్యం చెబుతున్నాననే అనుకున్నారు. పనిలేక వచ్చే ఆలోచనలని అత్తయ్య తేల్చేశారు. రోజూ ఆఫీసుకెళ్ళి నెలాఖరు లెక్కలు ముగించి వచ్చే మనిషికి పనిలేకపోవడం ఏమిటో నాకిప్పటికీ బోధపడలేదు. ఆఫీసులో సెలవు అడిగితే రిపోర్టులు పెట్టమన్నారు. రిపోర్టులన్నీ నార్మల్. నార్మల్‌గా ఉన్న మనిషికి సెలవు ఎందుకు? చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నన్ను పిచ్చిదని తిట్టలేదు, వెలివేయలేదు. అందరూ మీ మాటే తిరిగి చెప్పారు. చిన్నచూపు అనేది ఎప్పుడూ తిట్టు రూపంలోనే రాదు.

ఆ ఈసీజీ కాగితాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. మళ్ళీ దడ వస్తే తీసి చూసుకునేదాన్ని. నాకు ఆ గీతలు అర్థమవుతాయా ఏమన్నానా? అయినా చూసేదాన్ని. ఆఫీసు బాత్‌రూమ్‌లో, బస్సులో, ఒకసారి పెళ్ళిలో జనం మధ్యలో. ఆ కాగితం మీద అచ్చు వేడితో పడుతుందట, నాలుగు నెలలకే మడత దగ్గర గీతలు చెరిగిపోవడం మొదలైంది. జిరాక్స్ తీయించుకున్నాను. జిరాక్స్ తీసే కుర్రాడు "ఎవరికండీ హార్ట్ ప్రాబ్లమ్?" అని జాలిగా అడిగాడు. మా నాన్నకి అని అబద్ధం చెప్పాను.

రెండో డాక్టరు విటమిన్లూ, నిద్రమాత్రా రాశారు. ఆ నిద్రమాత్ర గురించి మళ్ళీ చెబుతాను. మూడో ఆయన శ్రద్ధగానే చూశారు. రక్తహీనత ఉందేమో, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో అని పరీక్షలు చేయించారు. అవి రెండూ గుండెదడ తెప్పిస్తాయి కాబట్టి చేయించడం సబబే, ఆ విషయంలో నాకే ఫిర్యాదూ లేదు. గుండెకి ఎకో స్కాన్ కూడా అయింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఫైలు మూసి నవ్వుతూ, "ఇక మిమ్మల్ని పిచ్చి డాక్టరు దగ్గరికి పంపించాల్సిందే" అన్నారు. పక్కనున్న నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా. ఆ తర్వాత అయిదు నెలలు ఏ డాక్టరు గడపా తొక్కలేదు.

ఆయన దృష్టిలో అది జోకు. నాకు మాత్రం, వెళ్ళాల్సిన చోటు ఫలానా అని తెలిసిన రోజునే అది వెళ్ళకూడని చోటు అని కూడా తెలిసింది.

ఆ అయిదు నెలల్లో నా ప్రపంచం ఎంత చిన్నదైపోయిందో చెబితే నవ్వుతారు. ముందు లిఫ్ట్ మానేశాను. తర్వాత బస్సు. తర్వాత, తలుపు మూసి ఉండే మీటింగులు. సినిమాకి వెళ్తే చివరి సీటు, దారి పక్కన. ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వస్తే వీధి తలుపు గడియ వేసేదాన్ని కాదు, పడిపోతే ఎవరైనా లోపలికి రావడానికి వీలుగా. ఇవన్నీ ఎవరికీ కనపడకుండా చేశాను. దాచడంలో నాకు అంత ఒడుపు ఉందని నాకే తెలియదు.

నాలుగో డాక్టరు దగ్గరికి నేను దీనికోసం వెళ్ళలేదు. చెవిపోటుకి వెళ్ళాను. ఆవిడ చెవిలో లైటు వేసి చూసి, చుక్కలమందు రాస్తూ రాస్తూ ఆగి, నా చేతి వైపు చూశారు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా నాడి పట్టుకుని చూసుకుంటున్నారు?" అని అడిగారు. కిందికి చూసుకుంటే నా కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి. పెట్టుకున్న సంగతి నాకే తెలియదు. ఏడుపొచ్చేసింది. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

ఆవిడ చేసినవి చిన్న పనులే, కానీ నేను వాటి గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మొదట నా పాత రిపోర్టులు చూశారు. "గుండెలో లోపం లేదు. అయినా మీకు వచ్చింది నిజమైనదే. దానికి పేరుంది" అన్నారు. ప్యానిక్ ఎటాక్ అన్న మాట నేను అంతకుముందు వినకపోలేదు. అది నాకు వచ్చినదాని పేరు అని మాత్రం ఎవరూ చెప్పలేదు. తర్వాత ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పారు. పాముని చూస్తే పారిపోవడానికి ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో, పాము లేకుండానే అలా సిద్ధమైపోతుందన్నారు. అడ్రినలిన్ ఎగదన్నుతుంది, గుండె వేగం పెరుగుతుంది. గాలి చాలడం లేదనుకుని గబగబా పీలుస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళ తిమ్మిరికీ, తల తేలిపోవడానికీ కారణం అదే. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయపడతాం, ఆ భయానికి గుండె ఇంకా కొట్టుకుంటుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే శిఖరానికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది.

ఈ కాస్త చెప్పడానికి ఆవిడకి అయిదారు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రాత్రి మళ్ళీ వచ్చింది. ఈసారి గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదో నిమిషానికి దిగడం మొదలైంది. అప్పటికి దీనికోసమని నేను ఇంకా ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఇది కొత్త జబ్బేమీ కాదు. 1871లోనే జేకబ్ మెండెస్ డా కోస్టా అనే అమెరికన్ డాక్టరు, అక్కడి అంతర్యుద్ధంలో పోరాడిన 300 మందికి పైగా సైనికుల్లో ఇలాంటి గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసం చూసి రాసిపెట్టాడు. గుండెలో పాడైనదేమీ కనపడటం లేదే అని ఆయనకీ అనిపించింది. అప్పటికి ఈసీజీ యంత్రం లేదు. అయినా ఆ బాధకి ఒక పేరు పెట్టి, వివరాలన్నీ అచ్చువేయించాడు. అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం, మానసిక జబ్బుల్ని వర్గీకరించే తన పుస్తకంలో, ఈ ఎటాక్‌లు పదేపదే వచ్చే ప్యానిక్ డిజార్డర్‌ని విడి జబ్బుగా చేర్చింది 1980లో. శరీరంలోని మామూలు మార్పుని ముంచుకొచ్చే ప్రమాదంగా అర్థం చేసుకోవడం వల్లే ఈ సుడిగుండం తిరుగుతుందని డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1986లో వివరించాడు. అంటే నన్ను ఇంటికి పంపించేసిన రాత్రికి ఇదంతా ఎప్పటినుంచో పుస్తకాల్లో ఉంది.

నా కథ వదిలేయండి, లెక్కలు చూడండి. లెక్కలు నా వృత్తి కాబట్టి ఊరుకోలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో 97 కోట్ల మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. వాళ్ళలో 30 కోట్ల మంది ఆందోళన జబ్బులతో, 28 కోట్ల మంది డిప్రెషన్‌తో. ఇంతమందికి సరిపడా సైకియాట్రిస్టులు లేరు. అందుకే ఆ సంస్థ 2008లో, స్పెషలిస్టులు కాని డాక్టర్లకీ నర్సులకీ ఈ పని నేర్పే కార్యక్రమం మొదలెట్టింది. అంటే ఇది మీ పని కాదు అనడానికి లేదు. మీ వెయిటింగ్ హాల్లో ఎనిమిది కుర్చీలుంటే, ఏ కుర్చీ అన్నది చూసుకోవాల్సింది మీరే.

టైము లేదంటారు. నిజమే, లేదు. కానీ ఆ చెవిపోటు రోజున ఆవిడ నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయాయా? దిగులుగా, ఇక ఏదీ బాగుపడదన్నట్టు అనిపిస్తోందా? డిప్రెషన్ ఉందేమో చూడడానికి 2001లో ప్రచురించిన తొమ్మిది ప్రశ్నల పత్రంలో మొదటి రెండూ ఇవేనని తర్వాత తెలిసింది. వీటితో జబ్బు తేలిపోదు. తేలాల్సిన అవసరం ఉందో లేదో తెలుస్తుంది. బీపీ చూడడానికి మీరు పట్టీ చుట్టి గాలి కొట్టేపాటి సమయం చాలు వీటికి.

ఆవిడ ఇంకొకటి కూడా అడిగారు, గొంతు మార్చకుండా: "చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?" ఈ ప్రశ్న అడగడానికి మీలో చాలామంది జంకుతారని విన్నాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, నా అనుభవమూ అదే. నాకు రెండుసార్లు అనిపించింది. చెప్పాను. భూమి బద్దలవలేదు. "చెప్పి మంచిపని చేశారు. మళ్ళీ అనిపిస్తే ఏ వేళయినా ముందు ఎవరికి చెబుతారు?" అని అడిగి, మా చెల్లెలి నంబరు నాచేతే రాయించారు. అడిగేవాళ్ళు లేకే మేం చెప్పం.

ఇక ఆ నిద్రమాత్ర సంగతి. రెండో డాక్టరు పది రోజులకి రాశారు. బ్రహ్మాండంగా పనిచేసింది. పది రోజులయ్యాక మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ రాశారు. అలా ఏడు నెలలు. ఒక్కసారీ అలవాటు పడతావమ్మా అన్నవాళ్ళు లేరు. ఎవరో భయపెడితే ఒక రాత్రి ఒక్కసారిగా మానేసి నరకం చూశాను. ఆ జాతి మాత్రలు కొన్ని వారాలకే అలవాటు చేస్తాయనీ, హఠాత్తుగా ఆపడం ప్రమాదమనీ, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలనీ నాకు సైకియాట్రిస్టు చెప్పారు. ఇందులో తమాషా ఏమిటంటే, "ఆ పిచ్చిమందులు అలవాటవుతాయి" అని జనం భయపడేది డిప్రెషన్‌కిచ్చే మందుల గురించి. వాటి మీద ఆ రకం యావ పుట్టదు. ఆపేటప్పుడు మెల్లగా ఆపాలి, అంతే. అసలు భయపడాల్సిన దాన్ని మాత్రం ఏ సైకియాట్రిస్టు గడపా తొక్కకుండానే, మర్యాదగా, విటమిన్ల పక్కన పెట్టి మింగాను. డిప్రెషన్, ఆందోళన మందులు రాసేటప్పుడు ఇంకో ముక్క కూడా చెప్పండి: గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలో కంగారు, కడుపులో వికారం పెరిగినా పెరగొచ్చు. ఇది చెప్పకపోతే మేం నాలుగో రోజుకే మందు చెత్తబుట్టలో పడేస్తాం.

దీనికి రెండో కొస కూడా ఉంది. వైద్యం మొదలయ్యాక మీరు మమ్మల్ని ఇంకోరకంగా చూస్తారు. రెండేళ్ళ కిందట కుడిపక్కన పక్కటెముకల కింద నొప్పితో మెలికలు తిరుగుతూ వెళ్ళాను. ఏమేం మందులు వాడుతున్నారని అడిగారు. చెప్పాను. ఆ డాక్టరు ముఖంలో ఒక తలుపు మూసుకోవడం కళ్ళారా చూశాను. "ఇది కూడా ఆందోళనే అయ్యుంటుంది" అన్నారు. పిత్తాశయంలో రాళ్ళు. రెండు రోజుల తర్వాత ఇంకోచోట స్కాన్‌లో తేలింది. మందుల జాబితా చూడకముందు గుండెని పరీక్షించి మనసుని వదిలేశారు. చూశాక మనసుని పట్టుకుని పొట్టని వదిలేశారు. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఎక్కువ చావులకి కారణం గుండెజబ్బుల్లాంటి, ఆపగలిగిన ఒంటి జబ్బులే. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు ఆ మూసుకున్న ముఖమే గుర్తొస్తుంది.

మీ మీద నాకు జాలి కూడా ఉంది, ఏమీ అనుకోకండి. నా స్నేహితురాలు ఒకామె డాక్టరు. ఆమెకీ డిప్రెషనే. తన ఆస్పత్రిలో రెండు అంతస్తుల పైనే సైకియాట్రీ విభాగం ఉంది. అక్కడ చూపించుకోదు. మూడు గంటలు కారు నడుపుకుంటూ వేరే ఊరు వెళ్తుంది. "పేషెంట్లకి తెలిస్తే ఎవరొస్తారే నా దగ్గరికి?" అంటుంది. నాకు ఊరడింపు చెప్పే మనిషే తను. మీరే ఇంతగా దాక్కుంటుంటే, మా ముందు ఆ విభాగం పేరెత్తేటప్పుడు మీ గొంతు తగ్గిపోవడంలో వింతేముంది.

అవును, మీ గొంతు తగ్గుతుంది. గమనించుకోండి. "కంటి డాక్టరుకి చూపించండి" అనేటప్పుడు తగ్గదు. "సైకియాట్రిస్టుకి" అనేటప్పుడు తలుపు వైపు ఒకసారి చూస్తారు, "ఏమీ అనుకోకండి" అని మొదలుపెడతారు, చివర్లో "ఊరికే ఒకసారి మాట్లాడి రండి" అని చేరుస్తారు. మా మర్యాద కాపాడుతున్నామనుకుంటారు. మాకు మాత్రం సిగ్గుపడాల్సిందేదో ఉందని అక్కడే తెలిసిపోతుంది. నాలుగో డాక్టరు అలా చెయ్యలేదు. చెవికి చుక్కలమందు రాసిన కాగితం మీదే, దాని కిందే, అదే చేతిరాతతో సైకియాట్రిస్టు పేరు రాశారు. వెనక వైపు కాదు. విడి చీటీ మీద కాదు. "చెవికి వారం, దీనికి కొన్ని నెలలు పట్టొచ్చు" అన్నారు. మావారిని లోపలికి పిలిచినప్పుడు కూడా నన్నే చూస్తూ, "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగారు. నేనే చెప్పాను. మావారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే లిఫ్ట్ అందుకే ఎక్కట్లేదా?" అన్నారు. అన్నాళ్ళూ ఆయన గమనిస్తూనే ఉన్నారన్నమాట.

నేను మిమ్మల్ని సైకియాట్రిస్టులు కమ్మనడం లేదు. "ఏం లేదు" అన్న మాట మీద ఆపేయకండి అంటున్నాను. ఏది లేదో చెప్పండి, ఏది ఉందో కూడా చెప్పండి. ఉన్నదాని పేరు తెలియకపోతే, "ఉంది, ఏమిటో కనుక్కుందాం" అనండి, అదైనా చాలు. పిచ్చి డాక్టరు అన్న జోకు మానండి. నర్సు చేత కూడా మాన్పించండి. మమ్మల్ని పంపించాక మీ పని అయిపోయిందనుకోకండి. పంపించిన వాళ్ళమందరం అక్కడికి వెళ్ళం, చీటీ బ్యాగ్‌లో పెట్టుకుని ఇంటికి పోతాం. నేనూ అదే చేశాను. పన్నెండు రోజులు ఆ కాగితం ఈసీజీ జిరాక్స్ పక్కనే పడి ఉంది.

పదమూడో రోజున వెళ్ళడానికి ఒక్కటే కారణం. ఆ కాగితం అడుగున ఆవిడ ఒక తేదీ వేశారు. "రెండు వారాల తర్వాత, మంగళవారం, మళ్ళీ ఇక్కడికే రండి. అక్కడికి వెళ్ళినా రండి, వెళ్ళకపోయినా రండి" అన్నారు. వెళ్ళకుండా వట్టి చేతులతో వెళ్ళి ఆవిడ ఎదురుగా ఎలా కూర్చోవాలో తెలియక, ఆ ముందు రోజు సోమవారం సెలవు పెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. మంగళవారం ఆవిడ ముందుగా చెవి చూశారు.

ఇట్లు,
మీ వెయిటింగ్ హాల్లో తలుపు పక్క కుర్చీలో కూర్చునే ఒక పేషెంటు